ప్రొటెక్షన్ ఆర్డర్ ఉన్నా పోలీసులు కదల్లేదు. వాళ్ల మీద కేసు వేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెల్లెలిని కావలి దగ్గర పల్లెకిచ్చారు. భర్త తాగొచ్చి కొడుతుంటే పోయిన ఏడాది డీవీసీ (గృహహింస కేసు) వేసి కోర్టు నుంచి ప్రొటెక్షన్ ఆర్డర్ తెచ్చుకున్నారు. ఈ నెలలో అతను మళ్లీ ఇంటిమీదకొచ్చి తలుపు పగలగొట్టాడు. స్టేషన్‌కి వెళ్తే అర్జీ తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. “కోర్టులో ఉన్న వ్యవహారం, అక్కడే తేల్చుకోండి” అని పంపేశారు. మూడో రోజు అతను ఆమె చెయ్యి విరగ్గొట్టాడు. ఇప్పుడు ఆమె నెల్లూరు పెద్దాసుపత్రిలో ఉంది. పోలీసుల మీద కేసు వేయొచ్చా, వేస్తే నిలుస్తుందా అన్నది మీ ప్రశ్న.

వేయొచ్చు. నిలవాలంటే మాత్రం ఒకటి చూపించగలగాలి: ఆమెకు ప్రమాదం ఉందని స్టేషన్‌కి ముందే తెలుసు, తెలిసీ ఊరుకున్నారు అని. అదీ నోటిమాటగా కాదు, కాగితం మీద. నెల్లూరు, కావలి, ఒంగోలు కోర్టుల్లో ఏళ్ల తరబడి ఈ కేసులు చూస్తున్న లాయర్ని. ఇలాంటివి వీగిపోయేది ఎక్కువగా ఆ రుజువు దగ్గరే. అందుకే కింద చట్టం గురించి ఎంత చెప్పినా, అర్జీ గురించి చెప్పే భాగం రెండుసార్లు చదవండి.

ముందు ఆ స్టేషన్‌లో అన్న మాట సంగతి. అది చట్టం ప్రకారం తప్పు. 2005 గృహహింస చట్టంలో 31వ సెక్షన్ ప్రకారం ప్రొటెక్షన్ ఆర్డర్‌ని మీరడం దానికదే ఒక నేరం. ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 32వ సెక్షన్ దాన్ని కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరం అంటుంది. అంటే కేసు కట్టడానికీ, అరెస్టు చేయడానికీ మళ్లీ కోర్టు నుంచి కాగితం తెమ్మని మిమ్మల్ని తిప్పే హక్కు స్టేషన్‌కి లేదు. బాధితురాలి సాక్ష్యం ఒక్కదానితోనే నేరం జరిగిందని కోర్టు నిర్ణయానికి రావచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. “సాక్షులేరి?” అని అడుగుతుంటారు కదా, దానికి జవాబు ఇదే. ఆర్డర్ మీరినప్పుడు నేరుగా పోలీసులకు గానీ, మేజిస్ట్రేట్‌కి గానీ చెప్పుకోవచ్చని 2006 రూల్స్‌లో 15వ రూల్ చెబుతోంది. ఒక్కటి చూసుకోండి: మీ ఆర్డర్‌లో 18వ సెక్షన్ అని రాసి ఉందా? మెయింటెనెన్స్ ఆర్డర్ ఒక్కటే ఉంటే, డబ్బు కట్టనందుకు 31 వర్తిస్తుందా లేదా అన్నదాని మీద హైకోర్టులన్నీ ఒక్క మాట మీద లేవు. తలుపు పగలగొట్టి కొట్టడం మాత్రం 18 కిందికి సూటిగా వస్తుంది.

ఆర్డర్ లేని ఆడపిల్ల వెళ్లినా స్టేషన్‌కి పని ఉంది. గృహహింస ఫిర్యాదు రాగానే ఆమెకున్న హక్కులన్నీ చెప్పాలని 5వ సెక్షన్ అంటుంది. రక్షణ, నివాసం, భరణం, పిల్లల కస్టడీ, పరిహారం కోసం కోర్టుకి వెళ్లొచ్చని చెప్పాలి. ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉన్నారని, ఉచితంగా లాయర్ని ఇస్తారని, భర్త, అత్తింటివారి వేధింపుల మీద 498ఏ కింద కేసు పెట్టొచ్చని కూడా చెప్పాలి. 498ఏ ఇప్పుడు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. కాగ్నిజబుల్ నేరం జరిగిందని తెలిస్తే చట్టప్రకారం ముందుకెళ్లే బాధ్యత పోలీసులకు తప్పదని కూడా ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పిన స్టేషన్లు ఎన్ని ఉంటాయో మీకే తెలుసు.

ఇంకో రెండు సాకులు మీకు ఎదురవుతాయి. మొదటిది, “498ఏలో అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు చెప్పింది” అని. 2014 అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది యాంత్రికంగా అరెస్టు చేయొద్దని, అవసరమైతే కారణాలు రాసి చేయమని. ఎఫ్ఐఆర్ కట్టొద్దని అందులో ఎక్కడా లేదు. రెండోది, “ముందు ఎంక్వైరీ చేసి చూస్తాం” అని. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173(3)లో ఉంది. కానీ చెయ్యి విరగడం తీవ్రగాయం, న్యాయ సంహిత 117(2), ఏడేళ్ల దాకా శిక్ష. ఆ వీలు దానికి లేదు. మీ చెల్లెలి స్టేట్‌మెంట్ ఆసుపత్రిలోనే తీసుకుని, 117(2), 85, గృహహింస చట్టం 31 మూడూ పెట్టి ఎఫ్ఐఆర్ కట్టాలి. ఆ పల్లె ఏ స్టేషన్ కిందకొచ్చినా సరే, ఆసుపత్రి ఉన్న స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ కట్టించుకోవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఇక పోలీసుల బాధ్యత.

జనం అనుకునే దానికి భిన్నంగా, స్టేషన్‌లో ఎక్కువ భయపడేది కోర్టు కేసుకి కాదు, సొంత శాఖ ఇచ్చే చార్జ్ మెమోకి. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ క్రమశిక్షణ రూల్స్ కింద ఎంక్వైరీ పడితే ఇంక్రిమెంట్ ఆగుతుంది, ప్రమోషన్ ఆగుతుంది. కాగ్నిజబుల్ నేరం సమాచారం వచ్చినా ఎఫ్ఐఆర్ కట్టని అధికారి మీద చర్య తీసుకోవాలని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది. ఎస్పీకి రాసే ఫిర్యాదులో ఆ తీర్పు పేరు పెట్టి శాఖాపరమైన చర్య కోరండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకునే వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. అదే కాగితాన్ని రిజిస్ట్రేషన్ పెట్టి స్పీడ్ పోస్టులో కూడా పంపండి, ఎందుకంటే సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపడమన్నది తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లడానికి మెట్టు.

క్రిమినల్ బాధ్యత కాస్త చిక్కు. న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద, కొన్ని నేరాల సమాచారం ఇచ్చినా రాసుకోని అధికారికి ఆరు నెలలకు తక్కువ కాకుండా రెండేళ్ల దాకా కఠిన కారాగారం, జరిమానా ఉన్నాయి. ఆ నేరాల జాబితాలో అత్యాచారం, యాసిడ్ దాడి, మాన మర్యాదలకు భంగం కలిగించే దాడి, బట్టలు ఊడదీయడం, అసభ్యమైన మాటలు, సైగలు ఉన్నాయి. 85 లేదు. ఇది చాలామంది లాయర్లు కూడా చూసుకోరు. అందుకే మీ చెల్లెలిని జరిగింది జరిగినట్టు చెప్పమనండి. అతను ఆ రాత్రి చీర లాగి వీధిలోకి ఈడ్చి ఉంటే, నలుగురిలో బూతులు తిట్టి ఉంటే, అవి సిగ్గుపడి దాచుకోవాల్సిన వివరాలు కావు. 74, 76, 79 సెక్షన్లకు ఆధారాలు అవి, వాటిని రాసుకోకపోతే ఎస్ఐ 199 కిందకొస్తాడు. జరగనిది మాత్రం ఒక్క ముక్క కూడా కలపొద్దు. ఒక్క అబద్ధం దొరికితే నిజమంతా పోతుంది. ఈ జాబితాలోకి రాకపోతే, హాని కలగాలనే ఉద్దేశంతో చట్టాన్ని ధిక్కరించారని 198వ సెక్షన్ ఉంది. ఏడాది దాకా సాధారణ జైలు. కానీ ఆ “ఉద్దేశం” రుజువు చేయడం చాలా కష్టం. అవతలివాళ్లతో కుమ్మక్కయ్యారని చూపించగలిగితే తప్ప దాని మీద ఆశ పెట్టుకోకండి.

199కి ప్రభుత్వ అనుమతి, అంటే శాంక్షన్, అవసరం లేదని సురక్షా సంహిత 218వ సెక్షన్ వివరణలో స్పష్టంగా ఉంది. 198కి ఆ మినహాయింపు లేదు. ఇంకో మెలిక 175(4). డ్యూటీలో చేసినదాని మీద ప్రభుత్వ ఉద్యోగిపై దర్యాప్తు అడిగితే, మేజిస్ట్రేట్ ముందుగా అతని పై అధికారి నుంచి రిపోర్టు తెప్పించుకుని, అతని వాదనా చూసి ఆర్డర్ ఇస్తారు. కాబట్టి భర్త మీద ఎఫ్ఐఆర్ కట్టమని మేజిస్ట్రేట్ దగ్గర వేసే 175(3) పిటిషన్, ఎస్ఐ మీద పిటిషన్ కలిపి ఒకే కాగితంలో వేయకండి. కలిపితే మొదటిది కూడా ఆగిపోతుంది. మొదట ఆమె ప్రాణం, అతని మీద కేసు. ఆ తర్వాత ఎస్ఐ.

మీ చెల్లెలు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయి, భర్త ఆ వర్గాలకు చెందనివాడైతే సంగతి వేరు. మన జిల్లాలో యానాది అమ్మాయిల కేసుల్లో ఇది తరచూ చూస్తాను. అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ కింద, విధి కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి, అతను కూడా ఆ వర్గాలవాడు కాకపోతే, ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. దానికి ముందు శాఖాపరమైన విచారణలో సిఫార్సు రావాలి.

నష్టపరిహారం దగ్గర మనకు చేతిలో ఉన్న బలమైన తీర్పు మన రాష్ట్రంలోనే పుట్టింది. 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకులపై రాత్రివేళ బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు బతికాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా సరిపడా కాపలా పెట్టలేదు. ప్రభుత్వం “ఇది సార్వభౌమాధికారపు పని, మా మీద దావా చెల్లదు” అని వాదించింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇప్పించింది. 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తూ, 21వ అధికరణం కింద జీవించే హక్కు ముందు ఆ వాదన నిలవదని చెప్పింది. అంతకుముందు 1993లో నీలబతి బెహెరా కేసులో, ప్రాథమిక హక్కు పోయినప్పుడు, పై కోర్టులో నేరుగా వేసే రిట్‌లోనే పరిహారం ఇవ్వొచ్చని తేల్చింది.

ఇక్కడ మిమ్మల్ని మభ్యపెట్టను. ఆ రెండు కేసుల్లో మనుషులు ప్రభుత్వం కస్టడీలో ఉన్నారు. మీ చెల్లెలు తన ఇంట్లో ఉంది. అవతలి ప్రభుత్వ ప్లీడర్ మొదటి మాట ఇదే అంటాడు, “ప్రతి ఇంటి ముందూ కానిస్టేబుల్‌ని పెట్టలేం కదా” అని. దీనికి మన జవాబు ప్రొటెక్షన్ ఆర్డర్. ఊళ్లో ఉన్న అందరు ఆడవాళ్లకూ ఉన్న సాధారణ బాధ్యత గురించి మనం అడగడం లేదు. ఫలానా మనిషి నుంచి ఫలానా ఆమెకు ప్రమాదం ఉందని కోర్టు చెప్పింది, దాని కాపీ ఆ స్టేషన్‌కి అందింది, తలుపు పగిలిన రోజు ఆమే వచ్చి చెప్పింది. కాగ్నిజబుల్ నేరం జరగకుండా శాయశక్తులా ఆపాలని సురక్షా సంహిత 168 పోలీసు అధికారికి చెబుతోంది. 170 కింద ముందస్తుగా అదుపులోకి తీసుకోవచ్చు, 126 కింద బైండోవర్, అంటే గొడవ చేయనని పూచీకత్తు, రాయించొచ్చు. చేతిలో ఇన్ని ఉండీ ఒక్కటీ వాడలేదంటే అది ఇకపై సాధారణ నిర్లక్ష్యం కాదు.

విదేశాల్లో పోలీసుల మీద కోట్లు వస్తాయన్న వార్తలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అక్కడా అంత సులువు కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం కాజిల్ రాక్‌లో 1999లో ఒక తల్లి, కోర్టు ఆర్డర్ చూపించి భర్త పిల్లల్ని తీసుకెళ్లాడని రాత్రంతా పోలీసుల్ని అడుగుతూనే ఉంది. ముగ్గురు ఆడపిల్లలూ హతమయ్యారు. 2005లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆర్డర్‌ని అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదంది. 2011లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ మాత్రం ఆ దేశానిదే తప్పని చెప్పింది. 2009లో ఒపుజ్ కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు టర్కీని బాధ్యురాలిగా నిలబెట్టింది. ప్రమాదం నిజమని, దగ్గర్లోనే ఉందని అధికారులకు తెలిసి ఉందా, తెలిసి ఉండాల్సిందా అన్నదే ఆ కోర్టు చూసే కొలత. మన హైకోర్టుని అవి కట్టిపడేయవు, కానీ వాదనకు పనికొస్తాయి.

అర్జీ దగ్గరికొస్తాను.

స్టేషన్‌లో రైటర్ టేబుల్ ముందు కూర్చున్న ఆడపిల్ల ఏడుస్తూ చెబుతుంటే అతను రాసేది దాదాపు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది: “మా ఇరువురి మధ్య మనస్పర్థలు వచ్చినవి. కావున నా భర్తను పిలిపించి మందలించగలరు.” కింద సంతకం. ఆరు నెలల తర్వాత ఆ కాగితం కోర్టులో చూపించి, “ఆమె అడిగింది మందలించమని, మేం మందలించాం” అంటారు. ఆ ఒక్క వాక్యంతో ఎస్ఐ తప్పించుకుంటాడు. మీ చెల్లెలు ఇచ్చిన అర్జీ ఎవరు రాశారో ముందు కనుక్కోండి.

ఇకపై ఇచ్చేది ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లండి. భాష గొప్పగా ఉండక్కర్లేదు. “ఫలానా తేదీన కోర్టు నాకు ప్రొటెక్షన్ ఆర్డర్ ఇచ్చింది, నకలు జతచేశాను. ఫలానా తేదీ రాత్రి ఇన్ని గంటలకు నా భర్త తలుపు పగలగొట్టి, చంపుతానని బెదిరించాడు. ఇది గృహహింస చట్టం 31వ సెక్షన్ కింద నేరం. నాకు ప్రాణభయం ఉంది. ఎఫ్ఐఆర్ నమోదు చేసి, అతన్ని ఆపి, నాకు రక్షణ ఇవ్వమని కోరుతున్నాను.” ప్రాణభయం అన్న మాట తప్పకుండా ఉండాలి, అది నిజమైతే. రెండో కాపీ మీద స్టేషన్ సీలు, తేదీ, తీసుకున్నవారి సంతకం అడగండి. ఇవ్వకపోతే గొడవపడొద్దు. బయటికొచ్చి అదే కాగితాన్ని ఫొటో తీసి ఎస్ఐ, సీఐ, డీఎస్పీ అధికారిక నంబర్లకు వాట్సాప్ చేసి, “ఇప్పుడే స్టేషన్‌లో ఇచ్చాం, రసీదు ఇవ్వలేదు” అని రాయండి. అదే రోజు పోస్టాఫీసుకెళ్లి రిజిస్టర్ చేయండి. ఆ చిన్న రసీదు ముక్కే తర్వాత మీ కేసుకి వెన్నెముక. సచివాలయం మహిళా పోలీసుకు పంపిన మెసేజ్ కూడా పోలీసులకు తెలియజేసినట్టు చూపించడానికి పనికొస్తుంది. 112కి, 181కి చేసిన కాల్స్, 2025 మార్చి 8న మార్కాపురంలో ప్రారంభించిన శక్తి యాప్‌లో నొక్కిన అలర్ట్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. ఫోను అమ్మొద్దు, మార్చొద్దు. వాటిని కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అది లాయర్ చూసుకుంటారు.

రసీదు లేకుండా పోయిన మొదటి అర్జీ సంగతి ఇప్పుడు కూడా పట్టుకోవచ్చు. ఆ రోజు జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ రికార్డు) నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద అడగండి. ప్రాణానికి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని 7(1)లో ఉంది, దరఖాస్తులో ఆ సంగతి పైనే రాయండి. స్టేషన్‌లో సీసీ కెమెరాల రికార్డింగు 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు వెళ్లిన తేదీ, సమయం రాసి, ఆ ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచమని ఎస్పీకి ఇప్పుడే లెటర్ పెట్టండి. తర్వాత “ఆ రోజు ఎవరూ రాలేదు” అన్న మాటకు ఇదే అడ్డుకట్ట.

కౌన్సెలింగ్ పేరుతో స్టేషన్‌లో రాయించే రాజీ కాగితం మీద మీ చెల్లెలు సంతకం పెట్టకూడదు. పెద్దమనుషులు ఎంత బతిమాలినా సరే. “ఇకపై మాకు ఎలాంటి చర్యలూ అవసరం లేదు” అన్న వాక్యం అందులో ఎప్పుడూ ఉంటుంది.

కోర్టు వైపు ఒక పని వెంటనే చేయించండి. పాత ఆర్డర్‌లో పోలీసులకు సూటిగా ఆదేశం ఉందో లేదో చూడండి. లేకపోతే గృహహింస చట్టం 19(5), 19(7) కింద ఫలానా స్టేషన్ ఎస్‌హెచ్‌ఓ ఈమెకు రక్షణ ఇవ్వాలని, ఆర్డర్ అమలుకు సాయపడాలని అదనపు ఆదేశం అడగండి. 24వ సెక్షన్ ప్రకారం ఆర్డర్ కాపీ ఉచితంగా స్టేషన్‌కి కూడా వెళ్లాలి, కానీ వెళ్లిందో లేదో అని కోర్టు మీద వదిలేయకుండా మీరూ ఒకటి రిజిస్టర్ చేయండి. ఆ తర్వాత కూడా కదలకపోతే హైకోర్టులో రిట్‌కి బలం వస్తుంది. ఊరికే “పోలీసులు కేసు కట్టలేదు” అని రిట్ వేస్తే, 2007 సకిరి వాసు తీర్పు చూపించి మేజిస్ట్రేట్ దగ్గరికే పొమ్మనే అవకాశం ఎక్కువ. కోర్టు ఆదేశం, అది అందినట్టు రుజువు, ప్రాణభయం అని రాసిన అర్జీ, దాని తర్వాత విరిగిన చెయ్యి ఉన్న ఫైలుని అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు.

ప్రొటెక్షన్ ఆఫీసర్ని మర్చిపోవద్దు. ఐసీడీఎస్ జిల్లా ఆఫీసులో గృహహింస విభాగం ఉంటుంది. ఫోన్ ద్వారా నమ్మదగ్గ సమాచారం వచ్చినా పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్లాలని 9వ రూల్. విధి చేయకపోతే 33వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష ఉన్నది వాళ్లకే, పోలీసులకు కాదు. ఈ రెండూ కలిపి “పోలీసులకి ఏడాది జైలు” అని చెప్పేవాళ్లను నమ్మకండి.

గడువుల విషయంలో అలసత్వం వద్దు. మానవ హక్కుల కమిషన్ ఏడాది దాటిన ఘటనను విచారించలేదు. పరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, దావాకి ఏడాదే గడువని ప్రభుత్వం వాదించే వీలుంది. కాబట్టి ఆ నోటీసు ఈ రెండు మూడు నెలల్లోనే వెళ్లాలి. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేసినా, నెల్లూరు కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లినా లాయర్ని ఇస్తారు. చికిత్స ఖర్చులకు బాధితుల పరిహార పథకం దరఖాస్తు కూడా అక్కడే.

డిశ్చార్జ్ అయ్యాక ఆమె మీ ఇంటికే రావాలి, ఆ పల్లెకి వెళ్లకూడదు. తాత్కాలికంగా ఉన్న చోటు కోర్టుకి కూడా గృహహింస చట్టం కింద అధికారం ఉంటుంది, కాబట్టి కొత్త పిటిషన్లకు ఆమె అక్కడికి తిరగక్కర్లేదు. ఆసుపత్రిలో ఎవరు అడిగినా “జారిపడ్డాను” అనొద్దని ఆమెకు ఈ రోజే చెప్పండి. ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో “భర్త కొట్టడం వల్ల” అని రాశారో లేదో కనుక్కోండి (పోలీసు కేసయ్యే గాయాలను ఆసుపత్రి రాసే రిజిస్టర్ అది). డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే చేతికి రాకుండా ఆసుపత్రి వదలొద్దు.